వీపు మీద పదిహేను కిలోలు

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి మాలావత్ పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల ఆమె ఊరు. ఆమెతో పాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఖమ్మం జిల్లావాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పదహారేళ్లు నిండనివాళ్లకు నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి, ఉత్తరపు దారిలో వెళ్లారు. శిఖరం మీద జెండా పట్టుకున్న ఫొటో మనలో చాలామంది చూశాం, మురిసిపోయాం. ఆ ఫొటోకు ముందు గడిచిన నెలల గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు. మొదట భువనగిరి కొండ మీద రాళ్లెక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. ఆ తర్వాత లడఖ్ చలికాలం. శిక్షకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి 2007లో స్వయంగా ఎవరెస్ట్ ఎక్కినవారు. ఒక దశకూ ఇంకో దశకూ మధ్య ఒంటికి సర్దుకునే వ్యవధి దొరికేలా ఆ శిక్షణ సాగింది.

ఆ భువనగిరి హైదరాబాద్ శివారులో మన వైపున్న అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి సుమారు గంట ప్రయాణం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ ప్రాంతాల నుంచి ఏటా ఎందరో హిమాలయ ట్రెక్కింగ్‌లకు వెళ్తున్నారు. కోచింగ్ సెంటర్ల విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, టీచర్లు, ఈ మధ్య అరవై దాటిన రిటైర్డ్ ఉద్యోగులు కూడా. వెళ్లేవాళ్లు పెరగడం నాకు నిజంగా సంతోషం. బాధ కలిగించేది ఒక్కటే. టికెట్లు మూడు నెలల ముందు బుక్ అవుతాయి, అరవై లీటర్ల రక్‌సాక్ నెల ముందు వస్తుంది, ఒంటికి మాత్రం ఆఖరి రెండు వారాలే మిగులుతాయి. ఆ రెండు వారాల్లో బరువంతా ఒకేసారి వేసుకుని మెట్లెక్కుతారు. ప్రయాణం రోజుకు మోకాలికి బెల్టు, మడమకు క్రేప్ బ్యాండేజీ తయారు.

ఇంతకీ వీపు మీద పదిహేను కిలోలు ఒంటిని ఏం చేస్తాయి?

దీనికి లెక్క ఉంది. అమెరికా సైన్యం తరఫున పరిశోధించిన పండాల్ఫ్, ఆయన సహచరులు 1977లో ఒక సూత్రం ప్రచురించారు. మనిషి బరువు, మోత బరువు, నడక వేగం, ఎత్తు వాలు, నేల తీరు ఇస్తే ఎంత శక్తి ఖర్చవుతుందో అది అంచనా కడుతుంది. అరవై కిలోల మనిషి చదునైన తారు రోడ్డు మీద గంటకు నాలుగు కిలోమీటర్లు ఖాళీ చేతులతో నడిస్తే సుమారు 200 వాట్లు. పదిహేను కిలోలు వీపున వేసుకుంటే 240. తేడా పెద్దగా లేదు. కాలనీ పార్కులో సంచి తగిలించుకుని నాలుగు చుట్లు తిరిగినవాళ్లకు ‘ఇంతేనా’ అనిపించేది ఇందుకే.

అదే బరువుతో, అదే వేగంతో నూటికి పది వాలున్న దారి ఎక్కించండి. అంటే వంద మీటర్లు ముందుకు పోతే పది మీటర్లు పైకి. ఖర్చు ఒక్కసారిగా 530 వాట్లకు చేరుతుంది. ఆక్సిజన్ భాషలో చెప్పుకుంటే, ఒంటి బరువు కిలోకు నిమిషానికి 26 మిల్లీలీటర్లు కావాలి. వ్యాయామం అలవాటు లేని యువకుడు ప్రాణం పెట్టి పరుగెత్తినా వాడుకోగలిగేది 35 దాకా ఉంటుంది. అంటే తన గరిష్ఠ శక్తిలో నాలుగింట మూడు వంతులు మామూలు నడకకే పోతోంది. ఆ స్థాయిలో గంటన్నర నడవొచ్చు, రోజంతా కుదరదు. రోజంతా సాగాలంటే గరిష్ఠంలో సగం దగ్గర ఆగాలి.

ఇదే సూత్రంలో వేగాన్ని గంటకు రెండున్నర కిలోమీటర్లకు తగ్గించి చూడండి. ఖర్చు 336 వాట్లకు దిగుతుంది, ఆక్సిజన్ అవసరం 17కు చేరుతుంది. అంటే సరిగ్గా సగం దగ్గరికి. మనిషి అతనే, బరువు అదే, వాలు అదే. మెల్లగా నడవడం అనే ఒక్క నిర్ణయంతో అసాధ్యమైన రోజు సాధ్యమైన రోజైంది. బరువు మోసేవాళ్లు మొట్టమొదట నేర్చుకోవలసిన విద్య ఇదేనని నా గట్టి నమ్మకం. జిమ్‌లో బరువులెత్తడం దాని తర్వాతే.

నేల తీరును కూడా ఈ సూత్రం లెక్కలోకి తీసుకుంటుంది. తారు రోడ్డును ఒకటి అనుకుంటే మట్టిబాట 1.1, పలచటి పొదలు 1.2, దట్టమైన పొదలు 1.5, వదులు ఇసుక 2.1. రాచకొండ గుట్టల్లో ముళ్లపొదలను తప్పించుకుంటూ, రాళ్ల మీద అడుగులు వేసుకుంటూ నడిచినవారికి ఈ అంకెలు కొత్తగా ఏమీ అనిపించవు, కాళ్లకు ముందే తెలుసు. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఏలిన ఆ కొండల పేరునే 2016లో మన వైపు పోలీస్ కమిషనరేట్‌కు పెట్టారు. ఊరి పక్కనే ఇంత మంచి అభ్యాసభూమి ఉండగా చాలామంది ట్రెడ్‌మిల్ మీదే ఆగిపోతున్నారు.

బరువు ఎంత ఉందన్నదొక్కటే కాదు, ఎక్కడ ఉందన్నదీ చూడాలి. పాదాల దగ్గర పెరిగిన కిలో, వీపు మీది కిలో కంటే నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తి తింటుందని 1960ల నుంచే కొలతలున్నాయి. అడుగడుగునా పాదాన్ని ఎత్తి, ఊపి, మళ్లీ ఆపాలి కాబట్టి. అందుకే అవసరానికి మించి మొద్దు బూట్లు కొనడం నష్టం. సంచిలో బరువైన వస్తువులు వెన్నుకు ఆనుకుని, రెండు భుజపుటెముకల మధ్యకు రావాలి. వెనక్కి లాగే బరువుకు సమంగా మనిషి ముందుకు వంగుతాడు, ఆ వంపును నడుము దగ్గరి కండరాలు గంటల తరబడి పట్టి ఉంచాలి. నడుం బెల్టు తుంటి ఎముక అంచు మీద సరిగ్గా కూర్చుంటే నిలువు బరువులో దాదాపు మూడో వంతు కటి మీదికి దిగుతుంది. బెల్టు వదిలేసి పట్టీలతోనే మోస్తే మెడ నుంచి చేతికి వెళ్లే నరాల గుత్తి నలుగుతుంది. చేయి తిమ్మిరెక్కడం, చేయి పైకి లేవకపోవడం అక్కడి నుంచే మొదలవుతాయి. సైనికుల్లో కనిపించే ఈ ఇబ్బందికి ‘రక్‌సాక్ పాల్సీ’ అని వైద్యంలో పేరే ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. శిక్షణ మొదలుపెట్టగానే శరీరమంతా ఒకే వేగంతో మారదు. ఏ భాగం ఎప్పుడు మారుతుందో తెలిస్తే ఎందుకు దెబ్బలు తగులుతున్నాయో దానంతట అదే అర్థమవుతుంది.

అన్నిటికంటే ముందు మారేది రక్తం. క్రమంగా చెమట పట్టేలా నడిస్తే వారం పది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. రెండో వారానికే ‘ఆయాసం తగ్గింది’ అనిపిస్తుంది. ఆ తర్వాత నరాలు. మొదటి మూడు నాలుగు వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండరం లావెక్కడం వల్ల వచ్చేది కాదు, మెదడు ఆ కండరంలోని మరిన్ని పోగులను ఒకేసారి పనిలోకి దించడం నేర్చుకోవడం వల్ల వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు కండర కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. కండరం కూడా అప్పటికి కాస్త లావెక్కుతుంది.

టెండన్ల సంగతి వేరు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచేవి ఇవే. పిక్క కండరాన్ని మడమకు కలిపే అకిలిస్ టెండన్, మోకాలిచిప్ప కింది టెండన్ బరువు మోసేవాళ్లకు ప్రాణం. వీటికి రక్తప్రసారం తక్కువ. వీటి లోపలి కొల్లాజెన్ పోగులు గట్టిపడటానికి నెలలు పడుతుంది.

ఎముక ఇంకా నిదానం. పైగా అక్కడ ఒక మెలిక ఉంది. కొత్త బరువు పడగానే ఎముక ముందుగా తనలోని పాత భాగాన్ని కరిగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది పోస్తుంది. గోడకు మరమ్మతు చేసే మేస్త్రీ ముందు పాత గార చెక్కేసినట్టు. చెక్కడం వారాల్లో అయిపోతుంది. తిరిగి పోసి గట్టిపడటానికి, ఒక విడత పూర్తవడానికి దాదాపు నాలుగు నెలలు. మధ్యలో ఆ చోట ఎముక కొద్దికాలం ముందుకంటే బలహీనంగా ఉంటుంది.

ఇప్పుడు ఈ గడువులన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. శిక్షణ మొదలైన ఐదారు వారాలకు ఊపిరి బాగుంటుంది, కాళ్లలో బలం తెలుస్తుంది, ఉత్సాహం ఉరకలేస్తుంది. సరిగ్గా అదే సమయానికి ఎముక మరమ్మతు మధ్యలో ఉంటుంది, టెండన్ ఇంకా మొదటి పాఠం దగ్గరే ఉంటుంది. మనం ఆ వారంలోనే సంచిలో ఇంకో ఐదు కిలోలు వేస్తాం. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, దూరం కవాతు చేసిన సైనికుల పాదాలు వాచి నొప్పెట్టడాన్ని నమోదు చేశాడు. ఎక్స్‌రే వచ్చాక తేలింది, అవి పాదం మధ్య ఎముకల్లో పగుళ్లు అని. ఈనాటికీ సైన్యాల్లో కొత్తగా చేరినవారిని శిక్షణ తొలి నెలల్లోనే ఇవి ఎక్కువగా పీడిస్తాయి.

కాబట్టి బరువు పెంచే వేగాన్ని ఊపిరో, తొడ కండరమో నిర్ణయించకూడదు. ఒంట్లో అన్నిటికంటే ఆలస్యంగా మారే భాగం ఏదో అదే నిర్ణయించాలి. శిక్షణ గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంది.

అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే బరువుల లోకం ఒకటి ఉంది. కొత్తపేటలో దశాబ్దాల పాటు నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021-22లో బాటసింగారానికి తరలింది. మామిడి సీజన్‌లో అక్కడ లారీల నుంచి డబ్బాలు దించే హమాలీల పని చూడండి. మోకాళ్లు వంచి కూర్చుని, బరువును ఒంటికి దగ్గరగా లాక్కుని, ఊపిరి బిగించి లేస్తారు. నాలుగడుగులు వేసి దించుతారు. అలా వందల సార్లు. క్షణాల్లో ఒక్కసారిగా బయటపడే శక్తి అది. ట్రెక్కర్‌కు కావలసింది మధ్యస్థమైన బరువును ఆరేడు గంటలు మోసే శక్తి. రెండూ మోతే అయినా ఒంటికి వేర్వేరు పరీక్షలు. అందుకే జిమ్‌లో వంద కిలోలు ఎత్తే యువకుడు కొండదారిలో పది కిలోలతో చతికిలబడటం, రోజూ పరుగెత్తే సన్నటి మనిషి పదిహేను కిలోలకు నడుం పట్టేసి కూర్చోవడం రెండూ చూస్తుంటాం. బలమూ దమ్మూ రెండూ పెంచుకుని, వాటికి తోడు నిజంగా సంచి మోసే అభ్యాసం కూడా చేసినవాళ్లే బాగా మోయగలరని సైనికుల మీద జరిగిన అధ్యయనాలు మళ్లీ మళ్లీ తేల్చాయి.

హమాలీల గురించి ఒక మాట అనకుండా ముందుకు పోలేను. ఒక మగ మనిషి మోసే గరిష్ఠ బరువు 55 కిలోలు దాటితే దాన్ని తగ్గించే చర్యలు తీసుకోవాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. ఎంత మోయాలి, ఎప్పుడు ఆగాలి అని సైనికుల మీదా పర్వతారోహకుల మీదా ఇంత శాస్త్రం పుట్టింది. బరువు మోయడమే బతుకైనవాళ్లకు వారంలో ఒక తేలిక రోజు, ఏడాదికోసారి వెన్ను పరీక్ష అందితే ఆ శాస్త్రం ఇంకా సార్థకమవుతుంది.

మోత విద్యలో ప్రపంచానికి గురువులు నేపాల్ కూలీలు. బాస్టియన్, హెగ్లండ్ బృందం 2005లో ‘సైన్స్’ పత్రికలో వారి గురించి రాసింది. నామ్చే బజార్ దాకా సుమారు వంద కిలోమీటర్ల దారి. మొత్తం కలుపుకుంటే ఎనిమిది వేల మీటర్లు ఎక్కాలి, ఆరువేల పైచిలుకు దిగాలి. ఆ దారిలో మగవాళ్లు సగటున తమ బరువులో 93 శాతం, ఆడవాళ్లు 66 శాతం మోస్తున్నారు. ‘డోకో’ అనే వెదురు బుట్ట, దాన్ని నుదుటికి తగిలించే ‘నామ్లో’ పట్టీ, చేతిలో ‘టోక్మా’ అనే పొట్టి కర్ర, ఇవే వారి సామగ్రి. పాశ్చాత్య ట్రెక్కర్ల కంటే కిలోకు తక్కువ శక్తి ఖర్చు చేస్తున్నారని కొలతల్లో తేలింది. వారి నడక చూస్తే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. చాలా నెమ్మదిగా నడుస్తారు, తరచూ ఆగుతారు. ఆగినప్పుడు బుట్ట దించరు, కర్రను బుట్ట అడుగున ఆనించి నిలబడే సేద తీరుతారు. పైన చూసిన వాట్ల లెక్కను ఎవరూ చెప్పకుండానే వారు పాటిస్తున్నారు. అంతకుముందే, 1986లో, తూర్పు ఆఫ్రికాలోని లువో, కికుయు స్త్రీలు తమ బరువులో ఐదో వంతు దాకా తల మీద పెట్టుకునో, నుదుటి పట్టీతోనో మోస్తూ నడిచినా అదనపు ఆక్సిజన్ వాడటం లేదని ‘నేచర్’ పత్రికలో వచ్చింది. చిన్ననాటి నుంచీ మోస్తూ వచ్చిన ఒంటి తీరు అది, మూడు నెలల కోర్సుతో వచ్చేది కాదు.

మన కావడి లాంటి మోత మీద కూడా ఇలాంటి పరిశోధనే ఉంది. వంగే బద్దలతో బరువు మోయడాన్ని రోజర్ క్రామ్ 1991లో కొలిచారు. శక్తి ఆదా ఏమీ కాలేదు. కానీ భుజం మీద అడుగడుగుకూ పడే తాకిడి బాగా తగ్గింది. వెదురు బద్దకు ఆ ఊపు ఎందుకుండాలో మన పెద్దవాళ్లకు అనుభవంతో తెలిసిన సంగతే.

ఎక్కడం గురించి ఇంత చెప్పాను గానీ, ట్రెక్కింగ్‌లో మనిషిని నిజంగా పడగొట్టేది దిగడం. పండాల్ఫ్ సూత్రం దిగుడు దారిని లెక్కగట్టలేదు, దానికి వేరే సవరణలు కావలసి వచ్చాయి. పది శాతం వాలు దిగేటప్పుడు నడకకు శక్తి ఖర్చు అతి తక్కువ. ఊపిరి తేలిగ్గా ఉంటుంది, కబుర్లు చెప్పుకుంటూ దిగుతాం. అదే సమయంలో తొడ ముందు కండరం అడుగడుగునా సాగుతూనే బిగుస్తోంది, ఒంటి బరువుకూ సంచి బరువుకూ బ్రేకు వేస్తోంది. ఇలా సాగుతూ బిగుసుకునేటప్పుడు కండరంలోని సన్నటి పోగులు చిట్లుతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. మర్నాడు మొదలై రెండో రోజుకో మూడో రోజుకో నొప్పి పతాకస్థాయికి చేరుతుంది. తిరుమల నడకదారిలోనే దిగివచ్చినవాళ్లు రెండు రోజుల పాటు ఇంట్లో మెట్లు దిగడానికి గోడ పట్టుకునేది ఇందుకే. నాలుగైదు రోజుల ట్రెక్కింగ్‌లో ఆ నొప్పి సరిగ్గా మధ్యలో, కాలు తడబడకూడని చోట వచ్చి పడుతుంది.

దీనికి ప్రకృతి ఇచ్చిన మందు ఒకటుంది, అది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఒకసారి అలా నలిగిన కండరం మళ్లీ అదే పని చేసినప్పుడు చాలా తక్కువగా నలుగుతుంది. ఒక్కసారి చేసిన దిగుడు అభ్యాసం కూడా కొన్ని వారాల పాటు రక్షణ ఇస్తుంది. కానీ ఎక్కుడు అభ్యాసం ఎంత చేసినా ఈ రక్షణ రాదు. జిమ్‌లో ట్రెడ్‌మిల్ వాలు పెంచి గంటలు ఎక్కినవాళ్లు కొండ దిగేటప్పుడు కుదేలయ్యే కారణం అదే. లిఫ్టులో దిగకండి. మెట్లెక్కితే మెట్లే దిగండి.

అయితే శిక్షణ తొలి వారాల్లో బరువుతో దిగితే మోకాలి కీలుకు శ్రమ. దానికి పర్వతారోహకులు పాటించే ఉపాయం ఒకటుంది. సంచిలో రాళ్లూ డంబెళ్లూ బదులు నీళ్ల సీసాలు పెట్టుకుని ఎక్కండి. లీటరు నీళ్లు సరిగ్గా కిలో. పైకి చేరాక తాగేంత ఉంచుకుని మిగతావి ఏ చెట్టు మొదట్లోనో పోసి తేలిగ్గా దిగండి. కొన్ని వారాలు పోయాక సగం నీళ్లతో, ఆఖరి నెలలో మొత్తం బరువుతో దిగాలి. చేతికర్రలు వాడటంలో నామోషీ ఏమీ లేదు. నిటారు వాలులో రెండు కర్రలతో దిగితే మోకాలి మీద పడే బలాలు 12 నుంచి 25 శాతం దాకా తగ్గినట్టు 1999 నాటి ఆస్ట్రియా కొలతలు చూపించాయి.

మన వైపు నివసించేవారు దీన్నంతా ఎక్కడ, ఎలా చేయాలి?

విజయవాడ హైవే పక్కన సంచి వేసుకుని నడవొద్దు. లారీల వేగం, పొగ రెండూ ప్రమాదమే. వారం మధ్యలో అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. ఐదంతస్తులంటే సుమారు పదిహేను మీటర్ల ఎత్తు. పదిసార్లు ఎక్కి దిగితే నూటయాభై మీటర్లు, అంటే భువనగిరి కొండంత. వాటర్ క్యాన్ భుజాన వేసుకుని లిఫ్టు లేని ఇళ్లకు ఎక్కే కుర్రాళ్లు ఇరవై కిలోలతో రోజూ ఈ పనే చేస్తారు. హిమాలయాల్లో ఒక మామూలు రోజున ఆరేడు వందల మీటర్లు ఎక్కాల్సి ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఎంత దూరం పోవాలో అంచనా దొరుకుతుంది. ఆదివారాల్లో సంఘీనగర్ గుడి గుట్ట, భువనగిరి, చలికాలంలో రాచకొండ. రాచకొండకు ఒంటరిగా వెళ్లకండి, నీళ్లు మోసుకుపోండి. భువనగిరి పదకొండో శతాబ్దపు చాళుక్యుల కోట. ఏకశిల కాబట్టి నున్నటి రాతి మీద దిగడం పాదాలకు మంచి పాఠం, కానీ వాన పడితే జారుతుంది, ఆ రోజు మానుకోండి.

పదహారు వారాలు చేతిలో ఉంటే మేలు, పన్నెండుకు తగ్గకూడదు. అరవై కిలోల మనిషి ఒంటి బరువులో పదో వంతుతో, అంటే ఆరు కిలోలతో మొదలుపెట్టాలి. బడి పిల్లల సంచి వారి బరువులో పదిశాతం దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ విధానం చెప్పిన హద్దు కూడా అదే. పెద్దవాళ్లమైన మనం మొదటి రోజే పాతిక శాతం ఎందుకు వేసుకోవాలి? వారానికి ఒక్కసారే బరువు నడక. మొదట్లో చదునైన దారిలో ముప్పావుగంట. ఆ తర్వాత ఒక వారం దూరమో ఎత్తో, ఇంకో వారం బరువు కిలో నుంచి రెండు కిలోల దాకా పెంచుకుంటూ పోవాలి. మూడూ ఒకే వారంలో పెంచితే ఎక్కడ నొప్పి వచ్చిందో, ఎందుకొచ్చిందో తెలియదు. ప్రతి నాలుగో వారం బరువు తగ్గించి తేలిగ్గా నడవాలి. పోసుకుంటున్న ఎముకకు ఆ వారం కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఇలా పోతే ఎనిమిదో వారానికి తొమ్మిది పది కిలోలు, ప్రయాణానికి ముందు చేసే ఆఖరి పెద్ద నడక నాటికి పదిహేను. చేతిలో పన్నెండు వారాలే ఉంటే పన్నెండు కిలోల దగ్గర ఆగి, సంచిలోంచి మూడు కిలోల సామాను తీసేయండి. తీసేయడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

మిగతా రోజుల్లో రెండుసార్లు సంచి లేకుండా, పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంతో గంట నడక. రెండుసార్లు బలం కోసం వ్యాయామం. దీనికి జిమ్ తప్పనిసరి కాదు. మన తాలీంఖానాల్లో తరతరాలుగా తీసే బస్కీలు తొడలకూ పిరుదులకూ మంచివే. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని మూడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దించడం దిగుడు దారికి సిద్ధం చేస్తుంది. మడమలెత్తి నెమ్మదిగా దించడం అకిలిస్ టెండన్ కోసం. నడుము కోసం ఒక చేత్తో బరువైన బకెట్ పట్టుకుని పక్కకు వంగకుండా నడవడం సరిపోతుంది.

నొప్పుల్లో తేడా పట్టుకోవాలి. తొడలంతా పరుచుకుని, రెండు రోజుల్లో తగ్గేది కండరం నొప్పి, భయపడనక్కర్లేదు. పొద్దున లేవగానే మడమ వెనక పట్టేసినట్టుంటే టెండన్ హెచ్చరిస్తోంది, ఆ వారం బరువు తగ్గించండి. ఎముక మీద వేలితో చూపించగలిగినంత చిన్న చోట నొప్పి ఉండి, నడిచేకొద్దీ పెరుగుతుంటే సంచి పక్కన పెట్టి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆడవాళ్లకు ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఒక్కో గ్రాము హిమోగ్లోబిన్ దాదాపు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ పదమూడు ఉండాల్సిన చోట పది ఉంటే రక్తం మోసే ఆక్సిజన్‌లో నాలుగో వంతుకు దగ్గరగా కోత పడినట్టే. ఆ లోటును ఏ మెట్లెక్కుడూ పూడ్చలేదు. ‘నాకు దమ్ము లేదు’ అని తమను తాము నిందించుకునే అమ్మాయిలలో చాలామందికి కావలసింది ఒక మామూలు రక్తపరీక్ష, డాక్టరు రాసిచ్చే ఐరన్ మాత్రలు. శిక్షణ మొదలుపెట్టే ముందే ఇది చూపించుకోండి. నలభై దాటినవారు ఆడామగా తేడా లేకుండా బీపీ, షుగర్, గుండె పరీక్ష చేయించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు ప్రతి నడక తర్వాతా పాదాలు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు.

మే, జూన్ ట్రెక్కింగ్‌లకు వెళ్లేవాళ్ల శిక్షణ మన ఎండాకాలంలో పడుతుంది. వేడికి ఒళ్లు అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో బరువు పెంచొద్దు. తెల్లవారుజామునే ముగించండి. నడకకు ముందూ వెనకా బరువు తూచుకుంటే ఎంత చెమట పోయిందో తెలుస్తుంది. కిలో తగ్గితే లీటరు నీళ్లు పోయినట్టు. ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. తల తిరిగినా, మాట తడబడినా వెంటనే నీడకు చేరి ఒంటి మీద నీళ్లు పోసుకోవాలి, వైద్యసాయం అడగాలి.

ఈ శిక్షణ ఏం ఇవ్వలేదో కూడా చెప్పాలి. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే తలనొప్పి, వాంతులు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటివాటికి ఇది కవచం కాదు. మారథాన్ పరుగెత్తేవాడికీ అవి రావొచ్చు. అక్కడ ఒక్కటే మార్గం, నెమ్మదిగా ఎక్కడం, లక్షణాలు పెరిగితే దిగిపోవడం. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అంతటి సిద్ధహస్తుణ్ణి 2015లో ఆండీస్ పర్వతాలు పొట్టన పెట్టుకున్నాయి. కొండ దగ్గర ఆ జాగ్రత్త ఎవరికైనా కావాలి.

ప్రయాణానికి ముందు రెండు వారాలకు పూర్తి బరువుతో ఆఖరి పెద్ద నడక పెట్టుకోండి. వరుసగా రెండు రోజులు చేస్తే ఇంకా మంచిది. శనివారం అలసిన కాళ్లతో ఆదివారం ఎలా నడుస్తామో తెలిసేది అప్పుడే. అదే బూట్లు, అవే మేజోళ్లు, అదే సంచి వాడండి. ఆ తర్వాత బరువు సగానికి, చివరి వారం పూర్తిగా దించేయండి. ఆ వారంలో కొత్తగా ఏ బలమూ రాదు, అలసట మాత్రం తీరుతుంది. రైలెక్కే ముందు రోజు గోళ్లు కత్తిరించుకోండి. దిగేటప్పుడు బొటనవేళ్లు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడకుండా ఉంటాయి.

తిరిగి వచ్చాక సంచిని అటక మీద పడేయకండి. పూర్తిగా మానేస్తే పెరిగిన రక్తద్రవం రెండు వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది, దమ్ము దాని వెంటే పోతుంది. అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన టెండన్, ఎముక బలం మాత్రం ఇంకొంత కాలం నిలుస్తుంది. పది రోజులకోసారి ఎనిమిది కిలోలతో గంటన్నర నడిచినా ఆ బలంలో కొంతైనా మిగుల్చుకోవచ్చు. అప్పుడు వచ్చే ఏడాది శిక్షణను మొదటి వారం నుంచి కాకుండా ఆరో వారం నుంచి మొదలుపెట్టుకోవచ్చు.